మొదటి సూది వేసి వెళ్లిపోయే శిబిరాలు మాకొద్దు

మా మెట్ట మండలాల్లో ఎదకు రాని, చూడి కట్టని పశువులకు గర్భకోశ శిబిరాలు పెట్టే డాక్టరుగార్లకు, వాటికి డబ్బు పెట్టే పాల సంఘాల పెద్దలకు నమస్కారం.

నేను ఉదయగిరికీ కనిగిరికీ మధ్య ఒక ఊళ్లో పాలకేంద్రంలో పాలు పోయించుకునే మనిషిని. నాకూ బర్రెలున్నాయి గానీ ఈ ఉత్తరం వాటి కోసం రాయడం లేదు. రెండు పూటలా ఊరందరి క్యాన్లూ నా ముందుకే వస్తాయి కాబట్టి ఎవరింట్లో ఏ గొడ్డు ఈనింది, ఏది వట్టిపోయింది, ఏది ఈని ఏడాది దాటినా చూడి కట్టకుండా మేత మాత్రం తింటోంది అనేది పుస్తకం తిరగేస్తే నాకు తెలిసిపోతుంది. పాలు తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు పేరు పక్కన గీత పడుతుంది. మళ్లీ ఆ గీత చెరిగేది ఆ గొడ్డు ఈనినప్పుడే. బర్రె చూడి మోసేదే పది నెలల పైచిలుకు, ఆ పది నెలలు మొదలై గడిచేదాకా ఆ ఇంటికి పాల బిల్లు లేదు, దాణా ఖర్చు మాత్రం ఉంది.

ముందే చెబుతున్నాను, గొడ్డు ఎదకు రావడానికి ఈ శిబిరాల్లో వేసే హార్మోన్ సూదులకు నేను వ్యతిరేకం కాదు. ‘ఆ సూదులు పడితే గొడ్డు ఇంక జన్మలో ఎదకు రాదు’ అని మా రచ్చబండ దగ్గర చెప్పేవాళ్లున్నారు, అది ఉత్త మాట. చూసి వేయాల్సిన గొడ్డుకు చూసి వేస్తే, రోజు తప్పకుండా వేస్తే, ఫలితం వస్తుంది. నా గొడవంతా ఆ చూడటం దగ్గర, ఆ రోజుల దగ్గర.

శిబిరం ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు, అయినా బోనుకు ఇవతలి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను. ముందురోజు సాయంత్రం మైకులో చెబుతారు. పొద్దున్నే బడి పక్కన వేపచెట్టు కింద ఇనప పైపుల బోను బిగించి బ్యానర్ కడతారు, తొమ్మిదింటికల్లా బర్రెల వరస చెరువు కట్ట దాకా సాగి ఉంటుంది. డాక్టరుగారు భుజం దాకా గ్లౌజు తొడుక్కుని చెయ్యి పెట్టి చూస్తారు, ఒక్కో గొడ్డుకు రెండు నిమిషాలు పడితే ఎక్కువ, ‘అండాశయం చిన్నగా ఉంది’ అనో ‘కుడివైపు ఏదో తగులుతోంది’ అనో పక్కనున్న కుర్రాడికి చెబుతారు, అతను ఒక సూది పొడిచి, అరచేతిలో సగం ఉండే చీటీ మీద ఏదో గిలికి, ఒక మినరల్ మిక్చర్ ప్యాకెట్ చేతిలో పెడతాడు. ఫొటో తీస్తారు. తర్వాతి గొడ్డు. భోజనాల వేళకి బోను విప్పేసి జీపులో వేసుకుంటారు, మళ్లీ వచ్చేది ఎప్పుడో దేవుడికి తెలియాలి.

ఆ గిలికిన చీటీలు ఆ మధ్య పాలకేంద్రానికి తెప్పించుకుని చూశాను. చాలావాటి మీద మందు పేరు, తేదీ ఉన్నాయి. తర్వాత ఏ రోజు ఏం చేయాలో మాత్రం ఒక్కదాని మీదా లేదు. పశువు చెవి కమ్మ నంబరు కూడా లేదు. ఏ గొడ్డు చీటీ ఏదో ఇంట్లోవాళ్లకే గుర్తు లేదు, రెండు బర్రెలున్న ఇంట్లో ఏ బర్రెకు సూది పడిందో చెప్పడానికి మొగుడూ పెళ్లాం వాదులాడుకున్నారు నా ముందే.

చాలా చీటీల మీద ఉన్నది జీఎన్‌ఆర్‌హెచ్ సూది. మీకు నేను చెప్పేంతవాడిని కాను, కానీ ఈ ఉత్తరం మా ఊళ్లవాళ్లు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నాను. ఓవ్‌సింక్ అని ఒక పద్ధతి ఉంది, అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు 1995లో ఆవుల మీద చేసి ప్రచురించారు, తర్వాత ప్రపంచమంతా అందుకుంది, బర్రెల మీదా వాడుతున్నారు. మొదటి రోజును సున్నా అనుకుంటే ఆ రోజు జీఎన్‌ఆర్‌హెచ్ వేస్తారు, అండాశయంలో ఎదిగి ఉన్న అండపు బుడగ దాంతో పగిలి అక్కడ ఒక కండ ఏర్పడుతుంది. పశువు ఎదకు రాకుండా పట్టి ఉంచేది ఆ కండే. ఏడో రోజు ప్రోస్టాగ్లాండిన్ వేస్తే, మనవాళ్లు పీజీ అంటారు, ఆ కండ కరిగిపోతుంది. ఈలోపు ఇంకో బుడగ తయారై ఉంటుంది, తొమ్మిదో రోజు రెండోసారి జీఎన్‌ఆర్‌హెచ్ వేస్తే అది అదనుకు పగులుతుంది. అక్కడి నుంచి 16 గంటలకూ 20 గంటలకూ మధ్య ఏఐ (కృత్రిమ గర్భధారణ) చేయించాలి, అంటే తొమ్మిదో రోజు పొద్దుగూకే వేళ సూది వేస్తే పదో రోజు మధ్యాహ్నం లోపు. తీగలు వేసిందా, అరిచిందా అని చూడనక్కర్లేదు. మూగ ఎద బర్రెలకు ఇది వరంలాంటి పద్ధతి, ఎందుకంటే బర్రె ఎదకు వచ్చినా సగంసార్లు పైకి తెలియనివ్వదు, వచ్చినా రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు నెమరేస్తూ కూర్చుంటుంది.

సున్నా, ఏడు, తొమ్మిది, పది. ఈ నాలుగు అంకెల్లో మా ఊరికి మీరు ఇచ్చి వెళ్లింది సున్నా.

ఒక్క మొదటి సూదితో ఏమవుతుందో మీరే చెప్పండి. ఉన్న బుడగ పగిలి కండ కట్టి, గొడ్డు ఇంకొన్నాళ్లు ఎదకు రాకుండా కూర్చుంటుంది. ఇంటివాళ్లు మాత్రం సూది వేయించాం కదా, రేపోమాపో ఎదకొస్తుందని ఎదురుచూస్తుంటారు. రాకపోతే సూది పనికిమాలిందంటారు. ఆ చెడ్డపేరు మందుకు వస్తోంది, తేదీ తప్పించినవాళ్లకు రావడం లేదు.

ఇంకో శిబిరంలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఏడో రోజు మేం రాలేం, మీ ఊళ్లో ఎవరైనా సూది వేసే అబ్బాయి ఉంటే వేయించుకోండని పీజీ ముందే సిరంజిలోకి ఎక్కించి, మూత పెట్టి, దినపత్రిక ముక్కలో చుట్టి ఇంటికిచ్చి పంపారు. ఆ పొట్లం నేను చూసింది ఒక ఇంటి వంటగది గూట్లో, పెరుగు గిన్నె పక్కన. ఆ ఇంట్లో కోడలికి అయిదో నెల. పీజీ చర్మం మీద పడినా లోపలికి ఇంకుతుంది, గర్భిణులకు గర్భస్రావం అయ్యే ప్రమాదం ఉంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి బిగుసుకుపోతుంది, గర్భం వచ్చే వయసు ఆడవాళ్లు దాన్ని జాగ్రత్తగా తాకాలని మందు పెట్టెలో ఉండే కాగితం మీదే ఉంటుంది. ఆ కాగితం పెట్టెతో పాటు జీపులో వెళ్లిపోయింది. మా వైపు గొడ్లను చూసేది, పాలు పితికేది, శిబిరంలో పలుపు పట్టుకుని నిలబడేది ముప్పాతికమంది ఆడవాళ్లే, వాళ్లకు ఈ మాట ఒక్కరైనా చెప్పారా? ఏమీ కాలేదు, పొట్లం తీయించి వెనక్కి పంపించాం. అయినా ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

పీజీ గురించే ఇంకో మాట. కండ ఉంటేనే అది పనిచేస్తుంది, అది కూడా ఎద తర్వాత అయిదారు రోజులు గడిచి కండ గట్టిపడ్డాకే. ఆ అదనులో పడితే రెండు మూడు రోజుల నుంచి అయిదు రోజుల్లోపు గొడ్డు ఎదకు వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కండ లేని గొడ్డుకు వేస్తే నీళ్లు పొడిచినట్టే. చూడితో ఉన్న గొడ్డుకు వేస్తే ఈసుకుపోతుంది, ఎందుకంటే చూడిని నిలబెట్టేదీ ఆ కండే. మా పక్క వీధి పిన్ని బర్రె బీట్లో మేస్తున్నప్పుడు ఊరి దున్నపోతు దాటింది, ఆమె అది చూసింది కూడా. శిబిరంలో ‘ఎన్నాళ్ల నుంచి ఎదకు రావడం లేదు’ అని అడిగారు, రెండు నెలల నుంచీ అంది, నిజమే కదా. ‘రెండు నెలల కింద ఏం జరిగింది’ అని ఎవరూ అడగలేదు. వరస పొడుగ్గా ఉంది, చెయ్యి త్వరగా బయటికొచ్చింది, సూది పడింది. మూడో రోజు కొట్టంలో గడ్డి మీద పొరలో చుట్టుకుని చుంచెలుక పిల్లంత పిండం. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పిన్ని ఇప్పటికీ పాలకేంద్రానికి వచ్చినప్పుడల్లా అంటుంది, నేను ఏం సమాధానం చెప్పాలి? రెండు నెలల లోపు చూడి చేతికి తప్పిపోవచ్చు, అది డాక్టరు తప్పని నేననను. అనుమానం ఉంటే పీజీ ఆపి ఒక మూడు వారాలాగి మళ్లీ చూడొచ్చు కదా. కానీ మళ్లీ రావడమనేది మీ ప్రోగ్రాంలో లేదే.

ఇక మార్చి నెల సంగతి. మా వైపు శిబిరాలు ఎక్కువ ఫిబ్రవరి ఆఖర్న, మార్చిలో వస్తాయి. సంవత్సరాఖరు లెక్కలు చూపించుకోవాలి కాబోలు, అది మీ తలనొప్పి, నాకు అర్థమవుతుంది. కానీ బర్రెకు ఆర్థిక సంవత్సరంతో పనిలేదండీ. పగటి పొద్దు తగ్గే రోజుల్లో, చలి మొదలయ్యే రోజుల్లో అది బాగా ఎదకొస్తుంది, ఎండలు ముదిరితే మూగబోతుంది, బర్రెను పెంచే ప్రతివాడికీ ఇది తెలుసు, చదువుకున్న మీకు ఇంకా బాగా తెలుసు. పైగా నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు నమ్మకమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంలో పడేదే. ఆ వానకు గట్లమీద పచ్చిక లేస్తుంది, బీళ్లు పచ్చబడతాయి, కార్తీకం వెళ్లేసరికి గొడ్ల ఒంటి మీద నిగ్గు వస్తుంది. గొడ్డూ మేతా రెండూ కలిసొచ్చే ఆ నెలలు వదిలేసి, చెరువులు ఎండి, గడ్డివాము అడుగంటి, పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్న బర్రెను మార్చి ఎండలో బోనులో నిలబెట్టి సూది వేస్తే ఏం కడుతుంది?

అలాంటి గొడ్డు అండాశయాలు నున్నగా, చిన్నగా చిక్కుడు గింజల్లా ఉంటాయి, వాటి మీద బుడగా ఉండదు, కండా ఉండదు. దానికి ఓవ్‌సింక్ మొత్తం సక్రమంగా చేసినా పెద్దగా లాభం ఉండదు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వదిలే పరికరం లోపల పెట్టి, తీసేటప్పుడు బుడగ పెరగడానికి పీఎంఎస్‌జీ కూడా ఇస్తే కొంత మెరుగు, కానీ దానికి ఖర్చెక్కువ, ఒళ్లు లేని గొడ్డుకు అదీ అంతంత మాత్రమే. ముందు దానికి కావాల్సింది నట్టల మందు, దాణా, ఖనిజ లవణం. మాకు పెన్నా డెల్టా నుంచి లారీల్లో వచ్చే వరిగడ్డే ఆధారం, దానిలో మాంసకృత్తులు తక్కువ, భాస్వరం తక్కువ, ఉన్న కాల్షియం కూడా ఒంటికి పట్టకుండా అందులోని ఆక్సలేట్లు పట్టేసుకుంటాయి. ఒకప్పుడు జొన్న వేసిన చేలల్లో ఇప్పుడు పొగాకు, చొప్ప మోపు కళ్లబడటమే అరుదు. ప్రకాశం వైపు సుబాబుల్ తోటలున్నవాళ్లు దాని ఆకు కోసి వేస్తారు, మంచిదే, కానీ పచ్చిమేతలో మూడో వంతు మించితే అందులోని మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలడంతో పాటు చూడి మీదా దెబ్బ పడుతుంది. ఇవి చెప్పడానికి శిబిరం కంటే మంచి చోటు ఏముంది, వరసలో నిలబడ్డవాళ్లు ఎలాగూ ఖాళీగానే ఉంటారు. మీరిచ్చిన కిలో మినరల్ మిక్చర్ ప్యాకెట్ రోజుకు 50 గ్రాముల చొప్పున ఇరవై రోజులు వస్తుంది, ఆ తర్వాత? దాన్ని పాలకేంద్రంలోనే పెట్టి పాల బిల్లులో పట్టుకుని ఇవ్వమని సంఘం పెద్దలను ఎప్పటి నుంచో అడుగుతున్నాం. మీరు ఒప్పుకోవాలే గానీ లెక్క నేను రాస్తాను.

ఒళ్లు సరిగ్గా ఉన్నా తిరగపొర్లే, అంటే ఏఐ చేయించినా కట్టకుండా మళ్లీ మళ్లీ ఎదకొచ్చే గొడ్ల సంగతి వేరు, వాటిలో సగం గొడవ ఏఐ వేళ తప్పడమే, పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున అనే లెక్క మా వాళ్లకే సరిగ్గా చెప్పుకోవాలి. అది మా పని, మిమ్మల్ని అనను.

ఇవన్నీ పల్లెటూళ్లలో అయ్యే పనులు కావు అని మీలో ఒకరు మొన్న నాతో అన్నారు. తేదీ పెట్టుకుని ఏఐ చేయడం పెద్ద పెద్ద డెయిరీ ఫారాల వాళ్లకే కుదురుతుందట. ఒక సంగతి చెబుతాను. మన ఒంగోలు జాతి పశువులే ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అనే పేరుతో స్థిరపడ్డాయి, మన జిల్లా పేరే అది. అవి అక్కడ మాంసం కోసం పెంచే మందలు, వందల ఎకరాల బీళ్లలో తిరుగుతాయి, ఏది ఎప్పుడు ఎదకొచ్చిందో చూసే నాథుడుండడు. అందుకే వాళ్లు రోజులు లెక్కేసుకుని ప్రొజెస్టిరాన్ పరికరం పెట్టి, తీసి, సూదులు వేసి, మందకు మంద ఒకే రోజు ఏఐ చేస్తారు. బ్రెజిల్‌లో ఈ రోజున వేసే ఏఐల్లో చాలా భాగం ఇలా తేదీ ప్రకారం వేసేవే. బీట్లో తిరిగే గొడ్లను నాలుగుసార్లు దొడ్లోకి తోలి తేదీ తప్పకుండా వాళ్లు చేయగా లేనిది, ఇంటి ముందు గుంజకు కట్టేసి ఉండే మా బర్రెకు చేయలేమా? మా చింతలదేవిలో జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటర్ ఉంది, చదలవాడలో ఒంగోలు పశువుల ఫారం ఉంది, పశువుల విషయంలో మన రెండు జిల్లాలు పేరు లేనివేమీ కావు.

ఒక చిన్న మాట మధ్యలో. శిబిరం అన్నాక జనానికి ఏది ఏ సూదో తేడా చెప్పండి. పాలు చేపడానికి కొందరు దొంగచాటుగా పొడిచే ఆక్సిటోసిన్‌నూ, మీరు వేసే ఈ సూదులనూ మావాళ్లు ఒకటే గాటన కట్టి ‘హార్మోన్ సూది’ అంటున్నారు. దానివల్ల వేయించుకోవాల్సినవాళ్లు భయపడి వెనక్కి పోతున్నారు, రోజూ ఆక్సిటోసిన్ పొడిచేవాడు మాత్రం డాక్టర్లే వేస్తున్నారుగా అని దర్జాగా చెప్పుకుంటున్నాడు.

ఇంతకీ నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక్కరోజులో వంద గొడ్లను చూసే శిబిరం బదులు పాతిక గొడ్లనే తీసుకుని పది రోజులు నడిపే శిబిరం పెట్టండి. శిబిరానికి రెండు నెలల ముందే, వానాకాలం మధ్యలో, ఆ పాతికకూ నట్టల మందు పట్టించి ఖనిజ లవణం మొదలుపెట్టిస్తే, కార్తీకంలో మీరు చెయ్యి పెట్టి చూసేసరికి అండాశయంలో ఏదో ఒకటి తగులుతుంది. అప్పటికీ తగలని గొడ్డును పక్కన పెట్టి మేత పెట్టమనండి, దానికి సూది దండగ. గొడ్డు చెవి కమ్మ మీద పన్నెండంకెల నంబరు ఉంది కదా, వేసిన ప్రతి సూదీ ఆ నంబరు మీద, తేదీతో, మీ ఫోన్ యాప్‌లోనూ ఇంటివాళ్ల కార్డులోనూ రెండుచోట్లా ఎక్కాలి. ఏడో రోజూ తొమ్మిదో రోజూ డాక్టరే రానక్కర్లేదు, రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు, కొన్ని ఊళ్లకు ఏఐ చేసే గోపాలమిత్రలు ఉన్నారు, మీరు రాసిచ్చిన మందు వాళ్లు వచ్చి తమ చేత్తో వేస్తే చాలు, సిరంజిలు మాత్రం ఇళ్లకు పంపకండి. సూది వేసే ముందు ‘చివరిసారి ఎప్పుడు దాటించారు, బీట్లో దున్నపోతు ఉందా’ అనే రెండు ప్రశ్నలు అడగనిదే పీజీ సీసా తెరవకూడదని రాసి బోనుకు అంటించండి, అక్షరాలు పెద్దవిగా ఉంటే మేమే గుర్తుచేస్తాం. ఏఐ అయిన రెండు మూడు నెలలకు చూడి పరీక్షకు ఒక్కపూట రండి. మీ బ్యానర్ మీద ఎన్ని గొడ్లకు వైద్యం చేశారో రాస్తున్నారు, ఎన్ని కట్టాయో కూడా ఆ పరీక్ష తర్వాత పాలకేంద్రం గోడ మీద రాద్దాం. పాతికలో సగం కూడా కట్టకపోవచ్చు, మేం దానికి గోల చేయం. ఎన్ని కట్టాయో అసలు తెలియకపోవడమే మా బాధ.

తేదీలు ఎలా పెట్టాలో కూడా ఆలోచించాను. మొదటి సూది సోమవారం పడితే పీజీ వచ్చే సోమవారం, రెండో జీఎన్‌ఆర్‌హెచ్ బుధవారం సాయంత్రం, ఏఐ గురువారం పొద్దున, అంటే ఆదివారం సెలవు ఎవరికీ పోదు. ఈసారి కార్తీక పౌర్ణమి వెళ్లాక వచ్చే సోమవారం అయితే పొగాకు నాట్ల హడావుడి కూడా మా ఊళ్లో కొంచెం సద్దుమణిగి ఉంటుంది. పాలకేంద్రం పొద్దున అయిదున్నరకే తెరుస్తాను, సాయంత్రం ఏడు దాకా ఉంటాను, మందు పెట్టుకోవడానికి ఫ్రిజ్ ఉంది, బోను నిలబెట్టడానికి వెనక ఖాళీ స్థలం ఉంది. పాతిక గొడ్ల పేర్లు, ఈనిన తేదీలు, పాల లెక్కలు నా పుస్తకంలోంచి తీసి ముందే రాసిపెడతాను, మీరు ఏ సోమవారమో చెప్పండి చాలు.